ఎర్రప్ప ఫోనూ చీనీకాయలూ

గార్లదిన్నె ఎర్రప్ప ఫోనును అడగనిదే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడు.

ఆయనకు కిడ్నీ మార్పిడి జరిగి కొన్నేళ్ళయింది. కిడ్నీ ఇచ్చింది భార్య చెన్నమ్మ. ఊరంతా ఆమెను మహాతల్లి అంది. ఆ మహాతల్లికి పొద్దున లేచింది మొదలు మొగుడి నోట ఒకటే మాట: "ఆగు మే, నెట్‌లో చూస్తా!"

పెరుగు పులిస్తే నెట్. తుమ్మొస్తే నెట్. సంగటి చల్లారిపోతున్నా సరే, ముందు నెట్.

ఆ ఫోనేమో ఎక్కడెక్కడి దేశాల జాగ్రత్తలో చెప్పేది.

"మే, పచ్చి చేపలు తినగూడదంట."

"ఈడ ఉడికిన చేపకే దిక్కులేదు, పచ్చిది ఎవరు తెస్తారయ్యా?"

"చెరువులో ఈత కొట్టగూడదంట."

చెరువులో మేకలు మేస్తున్నాయి. "సరేలే, ఈ ఏడు మానుకో," అంది చెన్నమ్మ.

చీనీకాయల దగ్గర, అంటే బత్తాయిల దగ్గర, వ్యవహారం ముదిరింది. మార్పిడి మందులు మింగేవాళ్ళు తినకూడదంటూ ఫోనులో ఒక పండు బొమ్మ వచ్చింది. గుండ్రంగా, పసుపుపచ్చగా, అచ్చం చీనీకాయ! ఎర్రప్పకున్నదే చీనీతోట. పైగా ఆ వైపు జబ్బు మనిషిని చూడడానికి చీనీకాయలు లేకుండా ఎవరూ రారు. ఎర్రప్ప గడపలోనే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "కాయలు బయట, మనిషి లోపల!" బావమరిది దివాకర్ అలిగి, కాయలతో సహా వెళ్ళిపోయాడు.

చెన్నమ్మ అదీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది వేరే ఉంది. మోకాళ్ళు పీకుతున్నాయని ఆమె నొప్పి బిళ్ళలు తెచ్చుకుంటే, తెల్లారేసరికి మాయం!

"నెట్‌లో చూసినా. వద్దు," అంటాడు. ఎందుకని అడిగితే నీళ్ళ చెంబు చేతికిస్తాడు. నా కిడ్నీ తీసుకున్నది చాలక నా బిళ్ళలు కూడానా అని ఆమెకు ఒళ్ళు మండిపోయేది. డాక్టరు ముందే తేల్చుకోవాలని ఈసారి పరీక్షలకు మొగుడి వెంట కొంగు బిగించి బెంగళూరు బస్సెక్కింది.

డాక్టరు ఎర్రప్ప రిపోర్టులు బాగున్నాయన్నాడు. ఫోనులో బొమ్మ చూసి నవ్వాడు. "ఇది వేరే పండప్పా, మన దగ్గర దొరికేది కాదు. చీనీకాయ నువ్వు తినొచ్చు. ఇంకేమన్నా ఉందా?"

చెన్నమ్మ నోరు తెరిచేలోగా ఎర్రప్ప అందుకున్నాడు.

"సార్, ఒక్క కిడ్నీ ఉండేవాళ్ళు నొప్పి బిళ్ళలు మింగితే చెడుపేనా?"

"మింగొద్దని నీకు మొదట్లోనే చెప్పినా కదా!"

"నాకు కాదు సార్. మీరు పాతవి తియ్యలేదు, నా కడుపులో మూడుండాయి. ఈమెకుండేది ఒక్కటే. వచ్చినప్పుడల్లా అందరూ నన్నే చూస్తాండారు. ఈమెను చూసేదెవరు? చెప్తే భయపడతాదని బిళ్ళలు నేనే దాస్తాండా."

డాక్టరు అప్పటికప్పుడు చెన్నమ్మకూ పరీక్షలు రాశాడు. కిడ్నీ నిక్షేపంగా ఉందని తేలింది. మోకాళ్ళకు పూత మందు ఇచ్చాడు. డాక్టరు ముందు మొగుడితో పెట్టుకోవాలనుకున్న పోట్లాట ఏమైపోయిందో చెన్నమ్మకు తెలియలేదు. మనసు హాయిగా ఉంది.

మర్నాడు తోటలో ఎర్రప్ప చీనీకాయ ఒలిచి, మొదటి తొన ఆమె నోటికి అందించాడు.

"ఆగయ్యా, నెట్‌లో చూసినావా?"

"నీకు చూసినా. మంచిదేనంట."

"మరి నీకు?"

ఎర్రప్ప తెల్లమొహం వేశాడు. "చూసుకునేది మర్చిపోయినా మే."

చేతిలోని ఫోను లాక్కుని, చెన్నమ్మ పెద్ద తొన ఒకటి అతని నోట్లో కుక్కింది.