నా బి.ఏ., పెద్దమ్మ ఇప్పచెట్లు

బస్తరు సంస్థానంలో ఆ రోజుల్లో పులులుండేవి, రాజావారికి ఏనుగులుండేవి, బి.ఏ. చెప్పే కాలేజీ మాత్రం ఉండేది కాదు. అందుకని ఉసూరు దగ్గరి మా పల్లె నుంచి నేను నడిచి, బండెక్కి, గోదావరి మీద లాంచీ ఎక్కి ఎక్కడో కింది పట్నానికి చదువుకు పోయాను. చరిత్ర, తర్కశాస్త్రం, ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్నాను. జొన్నలు, ఇప్పపువ్వు తిని బతికే ఊరికి ఇంతకన్నా పనికొచ్చే విద్య ఉండదని అప్పట్లో నా గట్టి నమ్మకం.

ఆ విద్యకు పెట్టుబడి మా పెద్దమ్మది. మా అమ్మకు అక్క. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, సెంటు పొలం లేదు. ఉన్నవల్లా గుట్ట కింద నాలుగు ఇప్పచెట్లు. ఎండలు ముదిరే ముందు రాలే పువ్వు ఏరి, ఎండబెట్టి, సంతలో అమ్మితే ఆమెకు ఏడాది గడిచేది. నేను కాలేజీలో ఉన్నన్నాళ్లూ అందులో సగం నా హాస్టలు కూటికే పోయింది. సెలవులకు వచ్చినప్పుడు ఒకసారి, తర్కశాస్త్రమంటే ఏందని అడిగింది. పొగ కనబడితే అక్కడ నిప్పుందని తేల్చడం అని వివరించాను.

"గంతేనా? గా ముచ్చటకు గంత దూరం పోవాల్నా కొడుకా?" అంది.

పాపం, చదువు విలువ తెలియని మనిషి అని జాలిపడ్డాను.

నేను పట్టా పుచ్చుకుని తిరిగొచ్చిన ఏడే గుట్ట కింది అడవిని సర్కారు రిజర్వు చేస్తుందని, ఇక అందులో ఎవరూ ఏమీ ఏరుకోకూడదని కబురు వచ్చింది. జనం వాడుకుంటున్న చెట్లను మాత్రం వదిలేస్తారట. పువ్వు రాలే ముందు అడవి సాహెబు స్వయంగా వచ్చి చూస్తాడట. ఊరంతా మా వాకిట్లో కూర్చుంది. ఇంట్లో బి.ఏ. ఉండగా భయమేమిటని అభయమిచ్చి, ఇంగ్లీషులో అర్జీ రాశాను. రోము చక్రవర్తుల కాలంలో అడవుల మీద ప్రజల హక్కులతో మొదలుపెట్టి, మూడో పేజీకి మా ఊరు చేరుకున్నాను. ఇప్పచెట్ల సంగతి అయిదో పేజీ అడుగున ఉంది.

మా వైపు ఇప్పచెట్టుకు కాగితం ఉండదు. పువ్వు రాలకముందే ఎవరి చెట్టు కింద వాళ్లు ఎండుటాకులు ఊడ్చి, కుప్పచేసి కాలుస్తారు. కింద నేల నల్లగా ఉంటే ఆ చెట్టుకు మనిషి ఉన్నట్టు. ఇక ఆకలితో ఉన్నవాడైనా దాని కింద వంగి ఒక్క పువ్వు ముట్టడు. ఆ ఏడు పెద్దమ్మ చీపురు తీసుకుని బయల్దేరుతుంటే నేను గుమ్మంలో అడ్డం నిలబడ్డాను. అడవిలో నిప్పు పెట్టకూడదని రూలుంది. అర్జీ విచారణలో ఉండగా మనమే రూలు తప్పితే ఎంత అప్రతిష్ఠ!

"ఊడ్వకుంటే చెట్టు నాదని సాబుకు ఎట్ల ఎరుకైతది?" అంది పెద్దమ్మ.

"అర్జీల రాసిన గదా పెద్దమ్మా. కాయిదం చెప్తది."

"కాయిదం చెట్టుకాడికి నడిచొస్తదా?"

ఈ ప్రశ్నకు నేను నవ్వాను. ఆమె చీపురు చూరులో చెక్కింది. ఊళ్లో మిగతావాళ్లూ నా మాటే విన్నారు. బి.ఏ. మాట మరి, ఎవరు కాదంటారు?

సాహెబు వచ్చాడు. ఆయనా బి.ఏ.నే. గుట్ట కింద చెట్టు చెట్టుకూ తిరిగాడు. ఎక్కడ చూసినా చీలమండ మునిగే ఎండుటాకులు. "ఇధర్ కోయీ నహీ ఆతా," అని వెంట వచ్చిన గుమాస్తాతో అన్నాడు. ఇటు ఎవరూ రారని గుమాస్తా రాసుకున్నాడు. ఊడ్చిన గుర్తు లేదు, నిప్పు లేదు, కనక మనిషి లేడు. నేను చదివిన తర్కశాస్త్రమే ఆయనా చదివాడు, కాకపోతే ఇంకాస్త శ్రద్ధగా. నేను ఇంగ్లీషులో అరగంట వాదించాను. ఆయన ఓపిగ్గా విని, నా అర్జీ బయటికి తీసి, ఇంత చక్కటి ఇంగ్లీషు చదివి చాలా కాలమైందని అందరూ వినేలా హిందీలో మెచ్చుకున్నాడు. నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. గుట్ట కింది చెట్లన్నీ రిజర్వులోకి పోయాయి.

పెద్దమ్మకు సంత హిందీ వచ్చు. మెప్పు అర్థమైంది. ఆ ఏడు పువ్వు రాలే రోజుల్లో ఆమె మిరపతోటల్లో కూలికి పోయింది. సంతలో కనబడిన వాళ్లందరికీ, "మా పిలగాని ఇంగ్లీసు సూసి సాబు చెయ్యి కలిపిండు," అని చెప్పుకుంది. నన్ను నాలుగు తిట్లు తిడితే బతికిపోయేవాణ్ణి. సిగ్గుతో చచ్చాను. చెట్లు ఇక రావని ఆమెకు చెప్పే ధైర్యం చాలక, ఇంకో అర్జీ పెట్టానని చెప్పాను.

అప్పటి నుంచి ఏటా ఆకు రాలే వేళకు ఆమె చూరులోంచి చీపురు తీసి నా ముందుకు వచ్చేది.

"ఈయేడన్న ఊడ్వొచ్చా కొడుకా?"

"ఇంకా విచారణల్నే ఉన్నది పెద్దమ్మా."

"అయితే తొందరపడొద్దు తియ్యి. నీ మాట పోతది," అని చీపురు మళ్లీ చూరులో చెక్కేది. ఆ రెండో అర్జీ నేను ఏనాడూ రాయలేదు.