రెండు గుమ్మాల మధ్య యాళి

మా చిన్నప్పుడు... మా జేజి కడప వైపు నుంచి ఢిల్లీకి రైల్లో ఒక యాళిని తెచ్చింది! జేజి అంటే నాన్న వాళ్లమ్మ. పాత చీరలో చుట్టి, బెర్తు మీద తన తలాపునే పెట్టుకుని మరీ తెచ్చింది. తోటి ప్రయాణికులు పసిపిల్లేమో అనుకున్నారట...

యాళిని మన గుళ్లలో స్తంభాల మీద చూస్తుంటాం కదా... ఒళ్లు సింహానిది, మూతికి ఏనుగు తొండం, కోరలు, ఉరిమి చూసే గుడ్లు. ఊళ్లో గుడికి కొత్త రథం చేయించినప్పుడు, పాత రథం కొయ్యబొమ్మల్లో ఒకదాన్ని జేజి అడిగి తెచ్చుకుంది. తల, ఛాతీ వరకే ఉంది. ఒక కోర విరిగింది కూడా. కొడుకు పరాయి ఊళ్లో కాపురం ఉంటున్నాడు, గుమ్మానికి కాపలా ఉండాల్సిందేనని ఆవిడ పట్టు.

మాది సర్కారీ క్వార్టర్. మెట్లెక్కగానే అటొక తలుపు, ఇటొక తలుపు, ఎదురెదురుగా. అటువైపు సేఠీ ఆంటీ వాళ్లు. వాళ్లమ్మాయి పింకీ, నేను ఒకటే క్లాసు. మాకు టీవీ లేదు. ఆదివారం వస్తే పళ్లు తోముకోకుండానే వాళ్ల టీవీ ముందు కూర్చునేదాన్ని. హిందీ ముక్క రాకుండా ఢిల్లీకొచ్చిన అమ్మకి, కూరగాయలవాడితో బేరమాడడం నేర్పింది ఆంటీయే. పగలంతా రెండు తలుపులూ బార్లా తీసే ఉండేవి...

ఆ శనివారం సాయంత్రం ఆంటీ నా జడ చేత్తో పట్టుకుని "హాయ్, కిత్నే లంబే బాల్!" అని, ఎంత పొడుగు జుట్టోనని మురిసిపోయింది. రాత్రికి నాకు జ్వరం. జేజి నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తుంటే, ఆంటీ తన తలుపులోంచి చూసింది. తెల్లారి నాన్న యాళిని మా గుమ్మం పైన మేకులతో కొట్టాడు. నిజానికి దానికీ నా జ్వరానికీ సంబంధం లేదు, అంత పొడుగు మేకులు దొరికింది ముందురోజే, అంతే! కానీ దాని గుడ్లు తిన్నగా ఆంటీ వాళ్ల తలుపునే ఉరిమి చూస్తున్నాయి.

పాలు తెచ్చుకుని మెట్లెక్కిన ఆంటీ ఆగిపోయింది. "యే హమే హీ క్యోం ఘూర్ రహా హై?" అంది. మమ్మల్నే ఎందుకలా చూస్తోందని. అమ్మ దాన్ని హిందీలో ఎలా చెప్పాలో తెలియక నవ్వేసింది. ఆ నవ్వే కొంప ముంచింది... ఆంటీ లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఏమీ తెలియని నేను టీవీ టైముకి వెళ్లి తలుపు కొట్టాను. పింకీ సగమే తీసింది. "మమ్మీ కెహ్తీ హై, హమారీ నజర్ బురీ హై న?" అంది. మా కళ్లు చెడ్డవి కదా, అని! తలుపు మళ్లీ మూసుకుంది. లోపల టీవీ పాట వినిపిస్తోంది. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. టీవీ కోసమా, పింకీ కోసమా అంటే... రెండిటికోసమూ!

అమ్మ బొమ్మను దించమంది. జేజి ఒప్పుకోలేదు. "కాపలా పెట్టినాక దించకూడదు," అంది. ఆ వారమంతా ఎదురింటి తలుపు తెరుచుకోలేదు. చివరికి ఒకరోజు అమ్మ వంటింట్లోంచి వచ్చి, "అత్తా, ఈ ఊర్లో నాకుండే మనిషి ఆయమ్మ ఒక్కతే. ఆ బొమ్మ నాకొద్దు," అని భోరుమంది.

జేజి లేచి, చెంగు దోపుకుని, తనే వెళ్లి ఆ తలుపు తట్టింది. ఆవిడకి హిందీ రాదు, ఆంటీకి తెలుగు రాదు. అయినా ఆంటీ మణికట్టు పట్టుకుని, "నీ కండ్లు మంచివి కాదని ఎవురన్నారమ్మా? రా, ఇట్ల రా," అంటూ బయటికి లాక్కొచ్చింది. నాన్నతో మేకులు పీకించి, యాళిని రెండు తలుపుల మధ్య గోడకి, మెట్లకి ఎదురుగా కొట్టించింది. మా గుమ్మం చూపించింది, వాళ్ల గుమ్మం చూపించింది, మెట్ల వైపు వేలు చూపించింది.

"ఇది బయటినుంచి వచ్చేవాళ్లను సూస్తాది. నువ్వు బయటిదానివి కాదు... చెప్పు మే, నీ హిందీలో!" అని అమ్మని తోసింది.

"దీదీ... ఆప్ బాహర్‌వాలీ నహీ హై," అంది అమ్మ, ముక్కు ఎగబీలుస్తూ.

ఆంటీ చున్నీతో నోరు కప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. ఇక అయిపోయిందనుకున్నాం... సిందూరం డబ్బీతో తిరిగొచ్చింది! యాళి నుదుట బొట్టు పెట్టి, "ఠీక్ హై... పర్ ఇస్కా దాంత్ తో టూటా హై!" అని నవ్వింది. విరిగిన కోర ఆవిడ కంట్లో పడిందన్నమాట. ఆ పూట ఎంత సంతోషపడ్డానో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత నేనూ పింకీ దానికి సూండ్‌వాలా షేర్ అని పేరు పెట్టాం. తొండం సింహం! కొన్నేళ్లకి మేమే ముందు క్వార్టర్ ఖాళీ చేశాం. అప్పటికి జేజి లేదు. నాన్న యాళిని దించబోతే అమ్మ వద్దంది. "దీదీ ఇంకా ఈడనే ఉంటాది కదా," అంది.

ఇప్పుడు నేను నోయిడాలో ఉంటున్నాను. లిఫ్టు దిగగానే ఇక్కడా ఎదురెదురు తలుపులే. పోయిన నెల ఎదురింటివాళ్లు కెమెరా ఉన్న కాలింగ్ బెల్ పెట్టించుకున్నారు. నేను తలుపు తీస్తే చాలు, దానికి నీలం లైటు వెలుగుతుంది. తిన్నగా మా గుమ్మాన్నే చూస్తుంది. మొదటిరోజు మనసు చివుక్కుమంది... ఆంటీకి ఆనాడు ఎంత నొచ్చిందో అప్పుడు తెలిసింది.

వారం తిరక్కుండా మేమూ ఒకటి పెట్టించాం. రెండూ రోజంతా ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. ఎవరూ అలగలేదు. అలగాలన్నా కాస్త పరిచయం ఉండాలిగా! చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చే జేజి కూడా లేదు...

మీ చిన్నప్పుడు మీ ఎదురింట్లో ఎవరుండేవాళ్లు? పేరు గుర్తుంటే కింద రాయండి. ఇప్పుడు మా ఎదురింటివాళ్ల పేరు మాత్రం నన్నడక్కండి... నాకు తెలీదు.