దూది, ఇడ్లీ, వంతెన

సూది వేసే ముందు చేతికి రాస్తారే, ఆ స్పిరిట్ వాసన తగిలితే ఎవరికైనా ఆసుపత్రి గుర్తుకొస్తుంది. నాకు మాత్రం ఇడ్లీలు గుర్తుకొస్తాయి. పొగలు కక్కే ఇడ్లీలు, విస్తరాకు అంచు దాటి జారిపోయే పల్చటి చట్నీ, ఆ తరవాత నాగావళి వంతెన. మొన్న ఉదయం శ్రీకాకుళంలో ఒక ల్యాబులో కూర్చుని చెయ్యి చాపాను. అక్కడి అమ్మాయి తడి దూదితో మోచేతి మడత తుడవగానే నా నోట్లో నీళ్ళూరాయి. పరగడుపున ఉన్నాను కాబట్టి ఆకలి అని సర్దిచెప్పుకోవచ్చు. కాని సంగతి అది కాదు.

మాది ఉద్దానం. వజ్రపుకొత్తూరు దగ్గర, సముద్రం హోరు వినిపిస్తుంది గాని కొబ్బరితోటలు అడ్డం వచ్చి సముద్రం కనిపించని ఒక చిన్న ఊరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు తొమ్మిదేళ్ళు. చలి తగ్గుతూండగానే జీడితోటల పూత వాసన ఇళ్ళలోకి వచ్చేసేది. ఎండలు ముదిరేసరికి జీడిమామిడి పళ్ళు పీల్చి పీల్చి మా గౌన్ల నిండా ఎన్ని ఉతుకులు ఉతికినా పోని మరకలు. ఇంటి మూల పనసపండు ముగ్గుతూంటే పక్కింటివాళ్ళకి కూడా నిద్ర పట్టేది కాదు. వానకి ఎండుచేపల బుట్టలు చూరు కిందికి చేరేవి. కోతల పండగకి చర్చిలో గుమ్మడికాయలూ కొబ్బరిగెలలూ కాళ్ళు కట్టేసిన కోళ్ళూ వరసగా పెడితే, ప్రార్థన మధ్యలో కోడి కూసి మమ్మల్ని నవ్వించేది. ఇంత ఉన్నా నాకు ఊరు చాలేది కాదు. ఒక చోట కాలు నిలిచేది కాదు. అష్టాచెమ్మా నాలుగు పందేలు పడేలోపు లేచిపోయేదాన్ని, ఆదివారం బడిలో వాక్యం పూర్తికాకముందే గుమ్మంలో చెప్పులు వెతుక్కునేదాన్ని. "దీని కాళ్ళకి సక్రాలున్నాయే" అని మా అమ్మమ్మ తల కొట్టుకునేది.

నా కాళ్ళ చక్రాల్ని మెచ్చుకున్న మనిషి ఒక్కడే, దానియేలు మావ. అమ్మకి ఆఖరి తమ్ముడు. మా ఊరికీ కాశీబుగ్గకీ మధ్య ఆటో నడిపేవాడు, చర్చిలో డోలక్ వాయించేవాడు, ఎంత ఉక్కపోతలోనైనా పొడుగు చేతుల చొక్కానే వేసేవాడు. పెళ్ళికి ఎదిగిన మనిషి, సోకు చేసుకుంటున్నాడని అందరూ ఆటపట్టించేవారు. రెండు నెలలకోసారి అమ్మతో "అక్కా, పిల్లకి టౌను సూపించి తెత్తాను" అనేవాడు. అంతే, ఆ రాత్రి నాకు తెల్లారేది కాదు.

టౌనంటే మాకు శ్రీకాకుళం. నోటుపుస్తకం వెనక అట్ట లోపలి వైపు 'టౌన్లో చెయ్యవలసిన పనులు' అని పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. లారీ వెళ్ళేటప్పుడు వంతెన మీద నిలబడి ఆ అదురు కాళ్ళలోకి ఎక్కించుకోవడం. ఏడురోడ్ల కూడలిలో నిజంగా ఏడు రోడ్లున్నాయో లేదో చూడడం. పాలఐసు. అన్నిటికన్నా ముఖ్యంగా, వంతెన కిందికి దిగి ఏటి ఇసకలో నడిచి నీళ్ళలో కాళ్ళు పెట్టడం. మాకు సముద్రం ఉంది గాని సముద్రం మనల్ని తోసేస్తుంది. ఏరు ఎటో వెళ్తూంటుంది, నాలాగే. అందుకేనేమో నాకు దాని మీద అంత మోజు.

చీకటి ఉండగానే ఆటోలో కాశీబుగ్గ, అక్కడ ఆటో స్నేహితుడి కొట్టు ముందు పెట్టేసి బస్సు. టెక్కలి వచ్చేసరికి తెల్లగా తెల్లవారేది. ఆ బస్సులో మావ ఏమీ తినేవాడు కాదు, నన్నూ తిననిచ్చేవాడు కాదు. "ఒక్కడినే ఉపాసం ఉండలేనే, నువ్వూ ఉండు" అనేవాడు. శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో దిగాక ముందు ఒక సందులోకి వెళ్ళేవాళ్ళం. అక్కడ తెల్ల గౌను వేసుకున్న ఒక అక్క మావ చొక్కా చెయ్యి పైకి మడిచి, దూదితో తుడిచి, సూదితో కాస్త రక్తం తీసి, మళ్ళీ దూది పెట్టి మోచెయ్యి మడిచేది. మొదటిసారి చూసినప్పుడు నేను ఊరుకోలేదు. ఎందుకు, ఎందుకు అని ప్రాణం తోడేశాను.

"టౌన్లో దిగిన ఊరోళ్ళందరికీ ఇలగే సేత్తారే," అన్నాడు మావ. "ఇక్కడి నీళ్ళు మనకి పడతాయో లేదో సూత్తారు."

నమ్మాను. ఎందుకు నమ్మనూ? మా ఊళ్ళో ఏ ఇద్దరు కలిసినా నీళ్ళ మాటే. ఎవరికి కాళ్ళు పొంగినా, ఎవరు మంచం పట్టినా, కిడ్నీ పోయిందట అని గొంతు తగ్గించి చెప్పుకుని, చివరికి బావి వైపు చూసేవారు. కాని ఆ జబ్బు మంచం మీదివాళ్ళది. డోలక్ వాయిస్తూ నవ్వే మావకి దానితో ఏం పని? నాకూ దూది కావాలని పేచీ పెడితే ఆ అక్క నవ్వి, నా మోచేతికి స్పిరిట్ రాసి చిన్న ఉండ పెట్టింది. ఇద్దరం చేతులు మడుచుకుని హోటలుకి వెళ్ళి ఇడ్లీ తిన్నాం. నా లెక్కన టౌను చూడడమంటే అదే వరస: దూది, ఇడ్లీ, వంతెన.

ఏటికి మాత్రం ఎప్పుడూ దిగలేదు. మధ్యాహ్నం రెండింటికి ఏదో కాగితం ఇచ్చేవారు. అందాకా ఆ సందులో చెక్కబల్ల మీద కాళ్ళు ఊపుతూ కూర్చోవాలి. నేను పది నిమిషాలకోసారి లేచి గడియారం చూసి వచ్చేదాన్ని. కాగితం చేతికొచ్చాక మావ వేరే మనిషి అయిపోయేవాడు. "ఏటికెల్దాం మావా" అంటే "వొచ్చీసారి ఎల్దుము" అని బేగి బేగి బస్సెక్కించేసేవాడు. ఎన్నో వచ్చేసార్లు వెళ్ళిపోయాయి.

ఇంతలో టెక్కలి వైపు నుంచి సంబంధం వచ్చింది. పిల్ల టైలరింగ్ నేర్చుకుంది, పాటలు బాగా పాడుతుంది. మావ ఒకసారి చూసొచ్చి, ఆ వారమంతా ఆటో అద్దంలో తనని తనే చూసుకుని నవ్వుకున్నాడు. ఇక ఆడపిల్లవాళ్ళు మా ఇల్లు చూసి మాట ఖాయం చెయ్యాలి. ఆ రోజు అమ్మమ్మ తెల్లవారకముందే వాకిలి కడిగింది, కోడిని కోసింది, పనసపొట్టు కూర వండింది. పిల్ల తండ్రి, మేనమామ, వాళ్ళ పాస్టరు గారు, పిల్ల పెద్దమ్మ వచ్చారు. వందనాలు, కుర్చీలు, కొబ్బరిబొండాలు అయ్యాక, పిల్లల్ని పెరట్లోకి తరిమేశారు.

పెరట్లో నేను పక్కింటి పిల్లల్ని పోగేసి టౌనాట మొదలెట్టాను. ఇసకలో కాలువ తవ్వితే నాగావళి, దాని మీద కొబ్బరిమట్ట పడేస్తే వంతెన, ఇటుకముక్క బస్సు. చేతులు కడుక్కోడానికి వచ్చిన పెద్దమ్మ అక్కడ నిలబడిపోయింది. చూడగానే దగ్గరికి వెళ్ళాలనిపించే మనిషి.

"ఏటాడతన్నారమ్మా?" అంది.

"టౌనాట. ముందు ఏటీ తినకుండా బస్సెక్కాల. దిగినాక దూది పెట్టుకోవాల, ఇలగ." పరుపులోంచి పీకిన దూది మోచేతిలో పెట్టుకుని చెయ్యి మడిచి చూపించాను. "అప్పుడు ఇడ్లీ. అప్పుడు కాయితం వొచ్చేదాకా కూకోవాల."

"ఎవులు నేర్పినారమ్మా?"

"మా మావ. రెండు నెల్లకోసారి ఎల్తాం గదా!"

ఎంత గొప్పగా చెప్పానో. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, లోపలికి వెళ్ళిపోయింది. ఉద్దానం చుట్టుపక్కల మనిషికి ఆ మడిచిన మోచెయ్యి చాలు, కిడ్నీ పరీక్షని తెలిసిపోతుంది. వాళ్ళు భోజనం చేశారు, పాస్టరు గారు ప్రార్థన చేశారు, కబురు పెడతామని చెప్పి వెళ్ళిపోయారు. కబురు రాలేదు. వారం తరవాత మధ్యవర్తి వచ్చి, పెద్దమ్మ చూసిన ఆట సంగతి అమ్మతో చెప్పి, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

మావకి ఆ జబ్బుందని అమ్మకి కూడా అప్పుడే తెలిసింది. ముందు ఏడ్చింది, తరవాత కొబ్బరిఈనెల చీపురు తీసుకుని నన్ను వాయించింది. రెండో దెబ్బకే మావ వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్ని కొట్టకక్కా. నేర్పింది నానే."

అంతకు ముందు ఎవరు కొట్టినా ఇల్లెగిరిపోయేలా ఏడ్చేదాన్ని. ఆ రోజు ఏడుపు రాలేదు. సూది గుర్తులు దాచే ఆ పొడుగు చేతుల చొక్కా ఎందుకో తెలిసింది, రెండింటి కాగితం ఏమిటో తెలిసింది, నన్ను టౌనుకి తీసుకెళ్ళింది నాకోసం కాదని కూడా తెలిసింది. ఏది ఎక్కువ నొప్పి పెట్టిందో ఇప్పటికీ చెప్పలేను. మూడు రోజులు గుమ్మం దాటకుండా కూర్చున్నాను. నేను అంతసేపు కదలకుండా ఉండడం చూసి అమ్మమ్మ హడలిపోయింది.

మా చర్చిలో ఒక అలవాటు ఉంది. జబ్బున్నవాళ్ళు పేరు చీటీ మీద రాసి బల్ల మీద పెడితే, పాస్టరు గారు ఆ పేరు పైకి చదివి ప్రార్థన చేస్తారు. చదివారంటే ఊరంతా తెలిసినట్టే. అందుకే పెళ్ళి కావలసినవాళ్ళెవరూ చీటీ పెట్టరు. మావ దేవుడికి కూడా చాటుగానే చెప్పుకున్నాడన్నమాట. ఆ ఆదివారం డోలక్ పక్కన పెట్టి, అందరి మధ్యలోంచి నడిచి వెళ్ళి చీటీ పెట్టాడు. పాస్టరు గారు ఆ పేరు పైకి చదివారు. తలలన్నీ తిరిగాయి. అమ్మమ్మ ముసుగు కిందికి లాక్కుంది. పై ఆదివారం బల్ల మీద ఇంకో మూడు చీటీలు కనిపించాయి, మూడూ మావ ఈడు కుర్రాళ్ళవే.

తరవాతి టౌను ప్రయాణానికి మావ పొట్టిచేతుల చొక్కా వేసుకొచ్చాడు. దూది, ఇడ్లీ అయ్యాయి. రెండింటికి కాగితం ఇచ్చారు. దాన్ని విప్పకుండానే జేబులో పెట్టుకుని, "పదవే, ఏటికెల్దాం" అన్నాడు.

వంతెన పక్క నుంచి జారుకుంటూ దిగాం. ఇసక కాళ్ళు కాలుస్తూంటే గెంతుకుంటూ పరిగెత్తాను. ఇసకలో పాకిన పుచ్చతీగలు, బండల మీద చాకళ్ళు ఆరేసిన తెల్ల దుప్పట్లు, మోకాలి లోతు నీళ్ళు, నీళ్ళలో కళ్ళు మూసుకున్న గేదెలు. మావ పంట్లాంతోనే నీళ్ళలో కూలబడిపోయాడు. నేను దగ్గరికి పోలేక అటూ ఇటూ తిరిగాను.

"నా మీద కోపమా మావా?"

"కోపమేటే. దాసుకోడానికే సగం పేణం పోయింది నాకు." దోసిలితో నీళ్ళు నా మీద జల్లాడు. "నువ్వు సెప్పీసినావు గనకే నాను ఏట్లోకి దిగినాను."

సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం.

ఆ తరవాత ఆరేళ్ళు ఉన్నాడు మావ. పెళ్ళి చేసుకోలేదు. చర్చి వెనక కొబ్బరితోటలో పడుకున్నాడు. ఆటో ఎవరో కొనుక్కెళ్ళారు, డోలక్ చర్మం ఎలకలు కొరికేశాయి, ఊళ్ళో బావి మీద మూత వేసి కొళాయిలు తెచ్చారు. పరీక్షల కోసం ఇప్పుడు టౌను దాకా పోనక్కర్లేదు, పలాసలోనే చేస్తారు. అయినా నేను ఆర్నెల్లకోసారి శ్రీకాకుళమే వెళ్తాను.

మొన్న కూడా రిపోర్టు రెండింటికి ఇస్తామన్నారు, కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. ఇడ్లీ తిని వంతెన దగ్గరికి నడిచాను. జారుకుంటూ దిగిన చోట ఇప్పుడు మెట్లున్నాయి. పుచ్చతీగలు లేవు. ఇసక చాలామటుకు లారీలెక్కి వెళ్ళిపోయింది. నీళ్ళు సన్నగా ఒక పక్కకి జరిగి పారుతున్నాయి. చెప్పులు విప్పి పాదాలు పెట్టాను. అక్కడ బట్టలు పిండుతున్న ఒకామె నన్ను ఎగాదిగా చూసింది. నా మోచెయ్యి ఇంకా మడిచే ఉంది.

"సేతికేటయిందమ్మా?"

"రక్తం ఇచ్చానమ్మా," అన్నాను, అవతలి గట్టుకి కూడా వినిపించేంత గట్టిగా. "మాది ఉద్దానం."