రౌండ్స్ గట్టు పట్టిన రోజు

ఆ రోజుల్లో నా భయమంతా కాళ్ళలో ఉండేది. భయం వేస్తే కొందరికి గొంతు ఎండుతుంది, కొందరికి కడుపులో తిప్పుతుంది. నాకు ఆ రెండూ అయ్యాక మోకాళ్ళు ఊగడం మొదలయ్యేది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటైనా పోవాలనిపించేది, పోయాక ఎందుకొచ్చానా అనిపించేది. ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్ళ గ్లాసు బల్లమీద పెట్టి, వాళ్ళు "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగేలోపు పెరట్లోకి చేరుకునేదాన్ని. (చదువుతున్నది నర్సింగే. కానీ అది చెప్పడానికి కూడా నోరు కావాలి కదా.) చెప్పాలనుకున్నవన్నీ రాత్రి డైరీలో రాసుకునేదాన్ని. డైరీలో నేను చాలా గడుసుదాన్ని.

అలాంటి నన్ను మూడో సంవత్సరంలో ఏలూరులో మానసిక చికిత్స వార్డుకు పంపారు. తాడేపల్లిగూడెంలో మాది కిరాణా కొట్టు. పొద్దున్నే పాసింజరెక్కి ఏలూరు పవర్‌పేట స్టేషన్లో దిగడం, సాయంత్రం అదే బండికి వెనక్కి రావడం. సంగతి తెలియగానే మా అమ్మ పొయ్యి కట్టేసి మరీ వచ్చి కొట్లో నిలబడింది. "అసలే నోట్లో నాలుక లేని పిల్ల. ఆ వార్డులో ఏం చేస్తుందండీ ఇది?" అంది. నాన్న కందిపప్పు తూస్తూ, "నాలుక లేకపోతే ఏంటే? థర్మామీటరు పెట్టేది దీని నోట్లో కాదుగా" అన్నారు. అంతటితో మా ఇంట్లో చర్చ ముగిసింది.

వార్డులో నన్ను భయపెట్టింది రోగులు కాదు, పాఠ్యపుస్తకం. మొదటి వారంలో అందులో ఉన్న జబ్బులన్నీ నాకే ఉన్నాయని తేలింది. కొట్టు తాళం రెండుసార్లు లాగి చూసేదాన్ని కనుక ఒక జబ్బు, మనుషుల్లోకి వెళ్ళలేను కనుక ఇంకొకటి, డైరీలో నాతో నేనే వాదించుకుంటాను కనుక మరొకటి. భరించలేక మా ట్యూటర్ మేడమ్‌కు చెప్పేశాను. ఆవిడకు మేం పెట్టుకున్న పేరు గడియారం మేడమ్; ఎవరు మాట్లాడుతున్నా ఆవిడ చూపు మణికట్టు మీదే ఉండేది. నా జబ్బుల జాబితా విని, వాచీ చూసుకుని, "ఈ అధ్యాయం చదివిన ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరికి ఇలాగే వస్తుంది. వచ్చే అధ్యాయంలో తగ్గిపోతుందిలే, పద" అన్నారు. తగ్గింది కానీ, లక్షణాల విషయంలో నా మాటకు విలువ మాత్రం ఆ రోజుతో పోయింది.

మాలో ఒక్కొక్కరికీ ఒక్కో రోగిని అప్పగించేవారు. నా వంతుకు వచ్చినావిడను నేను కైకలూరు అక్క అనేదాన్ని. కొల్లేటి పక్కన వాళ్ళకు రొయ్యల చెరువులున్నాయి. గట్టు మీద ఎవరో నిలబడి, అన్నంలో మందు కలిపారని తన గురించి మాట్లాడుకుంటున్నట్టు ఆవిడకు వినిపించేదట. గట్టు మీద ఎవరూ ఉండేవారు కాదు, కానీ మాటలుండేవి. ఆవిడ తిండి మానేసింది. అంతకుముందు ఒకసారి ఆస్పత్రికి తెచ్చి, కాస్త నెమ్మదించగానే ఇంటికి తీసుకెళ్ళి మాత్రలు మాన్పించారు. మాటలు మళ్ళీ వచ్చాయి, అన్నం మళ్ళీ ఆగిపోయింది. ఈసారి ఆవిడను తెచ్చేటప్పటికి చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయట.

వార్డులో మాత్ర పెంచారు; నేను చూసేనాటికి ఆవిడ కడుపునిండా తింటోంది. కానీ నడుస్తోంది. వార్డు గోడ వెంట ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు. అన్నం కూడా కంచం చేత్తో పట్టుకుని తిరుగుతూనే తినేది. కూర్చోబెట్టి వివరాలు అడగాలని మాకు నేర్పారు. కూర్చోలేని మనిషిని ఏం చేయాలో నేర్పలేదు. చేసేది లేక నేనూ పక్కన నడిచాను. అప్పుడు ఒక వింత జరిగింది. నాకు మాటలొచ్చాయి. ఎదురుగా కూర్చుంటే మనిషి కళ్ళలోకి చూడాలి. పక్కన నడుస్తుంటే గోడ వైపు చూస్తే చాలు. గూడెం గురించి, రైల్లో మంచి పుస్తకం చదువుతూ ఒక స్టేషను ముందుకు వెళ్ళిపోయిన సంగతి గురించి, ఏదంటే అది చెప్పేశాను. ఆవిడ కూడా చెప్పింది.

"చెవిలో మాటలు ఆగిపోయాయమ్మాయ్" అంది ఒక మలుపు దగ్గర. "ఇప్పుడు కాళ్ళు మాట్లాడుతున్నాయి. కూచుంటే లోపల్నుంచి ఎవరో తోసేస్తున్నట్టుంటది."

వాళ్ళాయన మంచి మనిషి. ఆడవాళ్ళ వార్డు కనుక కటకటాల తలుపు అవతల వరండాలో ఉండి, భార్యను రెప్ప వేయకుండా చూసేవాడు. ఏళ్ళ తరబడి రొయ్యలను చూసిన కళ్ళవి. వాటికి ఈ నడక కొత్తగా కనిపించలేదు. "సిస్టరు గారండీ" అని నన్ను పిలిచాడు (నన్నెవరైనా గారు అనడం అదే మొదలు). "తెల్లారగట్ల రొయ్య గట్టు పట్టిందనుకోండి, అంటే గట్టు వెంట అదే పనిగా తిరుగుతుందన్నమాట, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయినట్టే. వెంటనే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు వెయ్యాలి. ఈవిడా అచ్చం అంతేనండి. గాలి చాలట్లేదండి."

నేను తల ఊపాను. (ఎవరేం చెప్పినా తల ఊపడం నా అలవాటు. దాన్నాయన ఒప్పుకోలు కింద తీసుకున్నాడు.) మర్నాడు కైకలూరు బస్సులోంచి ఒక పెడస్టల్ ఫ్యానుతో దిగాడు. పసిబిడ్డను తెచ్చినట్టు దుప్పటి చుట్టి తెచ్చాడు. వార్డులోకి వైరున్న వస్తువేదీ రానివ్వరు. తలుపు దగ్గర వార్డు సిస్టరు ఆపేసరికి, "ఏరియేటర్ లేకుండా రొయ్యను ఎలా బతికించమంటారండీ?" అని ఆయన, "ఇక్కడ రొయ్యలేవీ లేవండీ" అని ఆవిడ, ఇద్దరూ అండీ వదలకుండా చాలాసేపు పోట్లాడుకున్నారు. చివరికి ఫ్యాను వరండాలోనే ఉండిపోయింది. దాని ముందు కూర్చుని పక్కవాళ్ళ చుట్టాలు హాయిగా గాలి పోసుకున్నారు. కైకలూరు అక్క మాత్రం నడుస్తూనే ఉంది.

పోతూ పోతూ ఆయన నాతో మెల్లగా అన్నాడు: "ఇలాగే తిరుగుతుంటే మందు ఇంకా పెంచుతారంటున్నారండి. పెంచారంటే మాత్రం తీసుకుపోతానండి. మాత్రలూ వద్దు, ఏమీ వద్దు. కొల్లేటి గాలి తగిలితే అదే సర్దుకుంటది."

ఆ సాయంత్రం పాసింజరులో నాకు కాలు నిలవలేదు. అక్క ఇంటికి వెళ్తే మాత్రలుండవు, మాత్రలు లేకపోతే మాటలు వస్తాయి, మాటలొస్తే అన్నం ఆగిపోతుంది. సీటులో కూర్చోలేక తలుపు దగ్గర నిలబడి పుస్తకం తీశాను. మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే రసాయనాలుంటాయని, వాటిలో డోపమైన్ ఒకటని, అది ఒక దారిలో మితిమీరితే లేని మాటలు వినిపిస్తాయని అంతకుముందే బట్టీ పట్టాను. మాత్ర చేసేది ఆ డోపమైన్‌కు అడ్డం పడటం. ఈసారి ఆ కింది పేరా కూడా చదివాను. అదే డోపమైన్ మరో దారిలో మన కదలికలను చూసుకుంటుందట. మాత్రకు ఈ దారీ ఆ దారీ అని తెలియదు, రెండింటికీ అడ్డం పడుతుంది. అప్పుడు కొందరు కాళ్ళు ఒకచోట పెట్టలేరు, కూర్చోలేరు, లోపల్నుంచి తోసేస్తున్నట్టుందంటారు. చూసేవాళ్ళు జబ్బు ముదిరిందనుకుని మందు పెంచితే ఆ నడక ఇంకా ఎక్కువవుతుంది. భీమడోలు దాటాక మళ్ళీ చదివాను. కైకలూరు అక్క పేరొక్కటే లేదు అందులో.

పొద్దున్నే గడియారం మేడమ్ వెనక పడ్డాను. "మేడమ్, ఆవిడ నడక జబ్బు వల్ల కాదేమోనండీ, మాత్ర వల్లేమోనండీ..." ఆవిడ వాచీ చూసి, "పోయిన వారం నీకెన్ని జబ్బులున్నాయన్నావు?" అని నవ్వారు. "కేసు నీదే కదా, రౌండ్స్‌లో ప్రొఫెసర్ గారికే చెప్పు." ఆవిడ న్యాయంగానే అన్నారు. నాకు మాత్రం గోదాట్లోకి దూకమన్నట్టు వినిపించింది.

ఇక్కడ మా వార్డు రౌండ్స్ గురించి చెప్పాలి. పెద్ద డాక్టరు, అంటే మా ప్రొఫెసర్ గారు, వస్తున్నారనగానే దుప్పట్ల మడతలు సర్దుకునేవి, చుట్టాలు బయటికి పోయేవారు, రోగులందరూ మంచాల మీద బుద్ధిగా కూర్చునేవారు. నిలబడితే సిస్టరుకు చిన్నతనం. కైకలూరు అక్క కూడా మంచం కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, చెమటలు కారుతుంటే కూర్చునేది. ఆయన "ఎలా ఉన్నావమ్మా?" అనేవారు. ఆవిడ "బాగున్నానండీ" అనేది. మా వైపు పెద్దవాళ్ళు ఎలా ఉన్నావంటే ఇంకో జవాబు లేదు. నూట మూడు జ్వరంలో ఉన్నా బాగున్నామనే అంటాం, లేకపోతే అడిగినవాళ్ళను నొప్పించినట్టుంటుంది. ఆయన అటు తిరగగానే ఆవిడ లేచేది. అలా, ఊరంతా చూసిన ఆ నడక ఒక్క ప్రొఫెసర్ గారే చూడలేదు. "అశాంతిగా తిరుగుతోంది" అని రిపోర్టులో చదవడమే.

ఆ రోజూ అలాగే జరిగింది. ఆయన రిపోర్టు చదివి, "మందు కొంచెం పెంచుదాం. ఈ కేసు ఎవరిది?" అన్నారు. అందరూ పక్కకు జరిగారు, నేను మిగిలాను. రైల్లో సిద్ధం చేసుకున్న వాక్యాలన్నీ గొంతు దాకా వచ్చి అక్కడే సీట్లు వేసుకున్నాయి. "పేషెంట్ ఎలా ఉన్నారు?" అన్నారాయన. నా నోట్లోంచి వచ్చింది, ఏం చెప్పను, "బాగున్నారండీ."

ఆయన కలం తీశారు. కటకటాల అవతల వాళ్ళాయన సంచి భుజాన వేసుకోవడం కనిపించింది. మోకాళ్ళు ఊగడం మొదలైంది. నాకింక ఏమీ తోచలేదు. మంచం దగ్గరికి వెళ్ళి, "లేవండక్కా" అన్నాను.

ఆవిడ లేచింది. కాదు, కమ్మీ వదిలిన స్ప్రింగులా వచ్చింది. ఇద్దరం గోడ వెంట నడిచాం. నాలుగడుగులు వేయగానే, రోజూలాగే, నాకు మాటలొచ్చాయి. చెవిలో మాటలు ఆగాయని, తిండి తింటోందని, కాళ్ళు మాత్రం నిలవడం లేదని, ఇది మాత్ర పెంచిన తరువాతే మొదలైందని, పెంచితే వాళ్ళాయన తీసుకెళ్ళిపోతాడని, అన్నీ గోడకు చెప్పాను. ఆగితే మాట కూడా ఆగిపోతుందని తెలుసు కనుక ఆగలేదు. గోడ చివరికి వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను. వినడానికి ప్రొఫెసర్ గారు మా పక్కన నడుస్తున్నారు. ఆయన వెనక గడియారం మేడమ్, ఆవిడ వెనక సిస్టరు, ఆ వెనక మా బ్యాచ్ మొత్తం.

"కూర్చున్నప్పుడు ఎలా ఉంటుందమ్మా?" అని ఆయన నడుస్తూనే అడిగారు.

"తోసేస్తదండి" అంది అక్క. "మీరొచ్చినప్పుడు కూచోడానికి ప్రాణం పోతదండి."

"మరి బాగున్నానంటావే?"

"మీరంత దూరం నుంచి వచ్చి అడిగితే బాలేదని ఎలా అంటానండీ?"

మరో చుట్టు తిరిగాం. అప్పుడు తలుపు అవతల నుంచి వాళ్ళాయన గొంతు వార్డంతా వినిపించింది: "ఓరి నాయనో! డాక్టరు గారు కూడా గట్టు పట్టేశారండోయ్!"

ముందు నవ్వింది ప్రొఫెసర్ గారే. ఆ తరువాత నవ్వడానికి మిగిలినవాళ్ళకు అనుమతి దొరికింది. ఆయన నిలబడి, రాసింది కొట్టేసి, మాత్ర తగ్గించి, కాళ్ళ కుదురు కోసం ఇంకో చిన్న మాత్ర రాశారు. వాళ్ళాయనను లోపలికి పిలిచి తనే చెప్పారు: "ఒక చేలో నీరెక్కువైందని పైన తూము కట్టేస్తే పక్క చేను కూడా ఎండుతుంది కదా? మెదడులోనూ అంతే. తూమును కాస్త ఎత్తుతున్నాం. అసలు తీసేశామంటే మొదటి చేను మళ్ళీ మునుగుతుంది." చెరువులు తవ్వకముందు వరి పండించిన మనిషి కనుక అది ఆయనకు చప్పున ఎక్కింది. సంచి భుజం మీద నుంచి దించాడు. దించాక కూడా ఒక్క సందేహం మిగిలింది: "అయితే ఆక్సిజన్ కాదంటారాండీ?"

వెళ్ళేటప్పుడు గడియారం మేడమ్ వాచీ చూసుకోకుండా నా వైపు చూశారు. అంతసేపు నన్నెవరైనా చూస్తే నేను పెరట్లోకి పారిపోతాను. ఆస్పత్రికి పెరడు లేకపోవడం వల్ల నిలబడ్డాను.

కొద్ది రోజులకు ఒక మధ్యాహ్నం వార్డులోకి వెళ్తే, కైకలూరు అక్క కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉంది. కమ్మీని పట్టుకోలేదు. చేతులు ఒళ్ళో ఉన్నాయి. నన్ను చూసి పక్కన చోటు చూపించింది. కూర్చున్నాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నిజంగానే చెప్పలేను, ఎందుకంటే ఒక్క మాటా రాలేదు. ఆవిడ కిటికీలోంచి చూసింది, నేను నా చెప్పులు చూసుకున్నాను. వరండాలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఇద్దరు మనుషులు అన్నేసి కబుర్లు చెప్పుకున్నాక, అప్పుడే పరిచయమైనట్టు కూర్చోవడం ఎంత ఇబ్బందో! నా మోకాలు ఊగడం మొదలైంది.

ఆవిడ నా మోకాలు వంక చూసింది. నవ్వింది. తాపీగా లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చెయ్యి చాపింది.

"రా అమ్మాయ్" అంది, "నీకోసం ఓ చుట్టు తిరిగొద్దాం."