ఆలూరు పక్కన సెలయేరు

కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో నబీసా తెలుగు చెప్తుంది. గెస్ట్ లెక్చరర్. గెస్ట్ అనగానే మర్యాదలు చేస్తారనుకునేరు. పరీక్షల్లో ఎంతమంది పాసయినారో చూసి, వచ్చే ఏడు ఈమెను ఉంచాలో పంపాలో తేలుస్తారు. అదీ మర్యాద.

మొదటి సంవత్సరం పిల్లలను ఆమె అడిగింది ఒక్కటే: మీ ఊరి గురించి సొంతంగా ఒక పేజీ రాయండి. క్లాసు క్లాసంతా ఒకే పేజీ రాసింది. 'మా ఊరు పచ్చని పైరులతో, గలగల పారే సెలయేటితో కళకళలాడుతుంది.' ఇంటర్ రెండేళ్లూ పిల్లలను హాస్టల్లో పడేసి గైడు కంఠస్థం పట్టించిన కాలేజీల పుణ్యం ఇది. ఇన్ని ప్రభుత్వాలు శిలాఫలకాలు పాతి కూడా తేలేని నీళ్లను, గైడు రాసిన మహానుభావుడు ఒక్క వాక్యంతో ఆలూరుకు తెచ్చేసినాడు.

ఆలూరు పక్క పల్లె నుంచి వచ్చిన ఏసుమణిని నబీసా లేపింది.

"ఏమ్మా, మీ ఊర్లో సెలయేరు యాడుండాది?"

"గైడులో ఉండాది మేడం."

"మరి ఊర్లో?"

"ట్యాంకరు ఉండాది. అదీ వస్తే వస్తాది."

"అదే రాయొచ్చు కదా."

"ట్యాంకరుకు మార్కులేస్తారా మేడం?"

వేయరని నబీసాకు తెలుసు. అయినా రాయించింది, కొట్టేసింది, మళ్లీ రాయించింది. ప్రిన్సిపాల్ మహానంది పిలిపించినాడు.

"ఏం నబీసమ్మా, పిల్లోల్లతో కతలు రాయిస్తాండావంట. నోట్స్ చెప్పు, చాలు. పాసు తగ్గితే నిన్ను నేను నిలబెట్టలేను."

కాలేజీకి తనిఖీ బృందం వచ్చే రోజున పిల్లల రాతలు గోడకు పెట్టినారు. ఏసుమణి ఇట్ల రాసింది: 'మా ఊరు జనవరిలో మా ఊర్లో ఉండదు. సుగ్గికని కూలికి వలసపోయి గుంటూరు పక్క మిరపకాయలు కోస్తాంటాది. అమ్మ చేతుల మంట తగ్గేలోపల ఉగాది వస్తాది.'

మహానంది చదివినాడు. "కాలేజీ పరువు తీస్తాండావు. పీకేయ్."

"నా చేత్తో పీకను సార్."

ఆయనే పీకి జేబులో పెట్టుకుని, అదే పిల్ల మొదట్లో రాసిన సెలయేరును అంటించినాడు. నబీసాకు తన ఉద్యోగం కూడా ఆ జేబులోకే పోయినట్టనిపించింది.

బృందం పెద్దమనిషి గోడ దగ్గర ఆగినాడు. "ఆలూరు పక్కన సెలయేరా? బాగుందే. మేము పోయేది ఆ దారినే. చూసి పోదాం, మీరూ కారెక్కండి."

మహానంది నబీసా వైపు చూసినాడు, ఈ ఒక్కసారికి సెలయేరు పారించమన్నట్టు.

"ఆ ఊరికి దారి మీ జేబులో ఉండాది సార్," అనిందామె. "చూపించండి."

కాగితం బయటికి రాక తప్పలేదు. పెద్దమనిషి దాన్ని రెండుసార్లు చదివినాడు. పోతాపోతా ఈ కాలేజీలో రాత బాగా నేర్పిస్తాండారని రాసిపోయినాడు. ఆ ఒక్క మాటతో నబీసా ఉద్యోగం నిలిచింది. గొప్పంతా ప్రిన్సిపాల్‌ది, అది వేరే సంగతి.

ఈ ఏడు కొత్త పిల్లలు వచ్చినారు. నబీసా మళ్లీ ఊరి గురించి రాయమనింది. కర్నూలు బంగారు అంగడి వాళ్ల భూపేష్ రాసింది చదివి, అతన్ని లేపింది.

"ఏం నాయనా, మీ ఊరు జనవరిలో గుంటూరు పోతాదా?"

"పోతాది మేడం."

"మీ అమ్మ మిరపకాయలు కోస్తాదా?"

భూపేష్ పక్కనోని పేపరు వైపు చూసినాడు. దాంట్లోనూ అమ్మ చేతులు మండుతాండాయి.

"ప్రిన్సిపాల్ సార్ జెరాక్స్ తీయించి అందరికీ ఇచ్చినాడు మేడం. నోట్స్‌లో ఉండాది."