మామ చేతికి వేడి తగలదు

మా మామ వంట బ్రాహ్మడు. ఆదోని నుంచి మద్దికెర దాకా ఎవరింట శుభకార్యం జరిగినా గాడిపొయ్యి దగ్గర ఆయనే. మడి వంట కాబట్టి మసిగుడ్డ ముట్టడు. తక్కిన వంటవాళ్లు తడి విస్తరాకు ముక్కలు అడ్డం పెట్టుకుని, ఉఫ్ ఉఫ్ అనుకుంటూ చారు గుండిగ దించితే, ఈయన ఉత్త చేతులతో పూలబుట్ట దించినట్టు దించేవాడు.

"మడి మహత్యం," అనేవాళ్లు పెద్దలు.

"మామా, ఆ చేతులు ఏ అంగట్లో కొన్నావు? నాకూ ఒక జత కావాల," అనేవాణ్ని నేను. అప్పట్లో ఆదోనిలో డిగ్రీ రెండో సంవత్సరం రెండోసారి చదువుతున్నాను. తీరిక బోలెడు. వడ్డనకు వెంట పోయేవాణ్ని.

ఎనభైల మొదట్లో ఎమ్మిగనూరులో ఒక పెళ్లి. మామ పొయ్యి ముందు కూర్చుని పెళ్లికొడుకు తండ్రి గొంతు అనుకరిస్తున్నాడు. ఏదో మాడుతున్న వాసన వచ్చింది. బూరెలు చూశాను, బాగున్నాయి. పప్పు చూశాను, అదీ బాగుంది. మాడుతున్నది మామ చిటికెన వేలు. అది నిప్పుకు ఆని ఉన్నా అనుకరణ ఆపలేదు.

"మామా, వేలు!"

"యాడరా?" అని నా వేళ్లు చూశాడు.

నాకు జోకు తట్టని మొదటి సందర్భం అది.

ఆయన మోచేతి మీది పాలిపోయిన మచ్చకు అత్త ఏడాదిగా, సోబి అనుకుని, పసుపు రాస్తోంది. దురద లేదు, నొప్పి లేదు. ఎవరికి అనుమానం వస్తుంది?

ఆదోని ఆస్పత్రిలో డాక్టరు మామను కళ్లు మూసుకోమన్నాడు. తాకిన చోటల్లా వేలు పెట్టి చూపించమన్నాడు. దూది కొసతో చిటికెన వేలి మీద, అరచేతి అంచున, మచ్చ మీద తాకాడు. మామ బుద్ధిగా కూర్చునే ఉన్నాడు. కాసేపటికి, "మొదలుపెట్టండి సార్, ఎంతసేపని మూసుకోవాల?" అన్నాడు.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కుష్ఠు అనే మాట డాక్టరు మెల్లగానే అన్నాడు. "ఒంట్లో కాపలా కణాలుంటాయి. లోపలికొచ్చిన క్రిమిని మింగి అరిగించుకోవడం వాటి పని. ఈ జబ్బు క్రిమినీ మింగుతాయి. దీనికి మైనం లాంటి పొర, అరగదు. మింగిన కణంలోనే కాపురం పెడుతుంది."

"అంటే దొంగ పోలీస్ స్టేషన్లోనే బాడుగకు దిగినాడు," అన్నాను నేను.

"దిగినాడు. గోల చేయడు. ఏమీ జరగలేదు, పండుకోండి అని తక్కిన పోలీసులను కూడా జోకొడతాడు. ఆనక నరాల్లో చేరతాడు. నొప్పి కబురు చెప్పేది నరాలే గదా. ఫిర్యాదు ఇచ్చేవాని నోరే మూసినాడు."

మామకు ఒకటే దిగులు. "ఇంక వంటకు పిలుస్తారా సార్?"

"మందు తింటే కొద్ది దినాలకే ఎవరికీ అంటదు. అప్పుడు నిక్షేపంగా వండు. పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాత్రం చెప్పలేను. ఉత్త చేతులతో గుండిగ దించితే వేళ్లు మిగలవు. గుడ్డ పట్టుకో."

"మడికి గుడ్డ పనికిరాదు సార్."

క్రిమి గుట్టంతా విప్పిన డాక్టరుకు దీనికి మందు తెలియలేదు.

నెలకోసారి మింగే ఎర్ర గొట్టం బిళ్లతో ఒంటేలు ఎర్రగా వచ్చింది. మామ హడలిపోయి వీలునామా మాట ఎత్తాడు. ఆస్తి అంటే గరిటెలు. "పెద్దది నాకు రాయి మామా," అన్నాను. నవ్వాడు. అది చాలు నాకు.

మడి సంగతి అత్త తేల్చింది. ఎమ్మిగనూరు మగ్గం గుడ్డ, మందపాటివి రెండు ముక్కలు తడిపి, ఎవరూ తగలకుండా దండెం మీద ఆరేసింది. "నీ పంచ ఇట్ల ఆరేస్తే మడి అయితాది. ఇదేం పాపం చేసింది?"

మందు మొదలై కొన్ని నెలలు గడిచాక, డాక్టరు సరేనన్నాక, మళ్లీ ఎమ్మిగనూరు నుంచే పిలుపొచ్చింది. మామ గుడ్డలు పట్టుకుని గుండిగ దించుతుంటే ఇంకో వంటాయన పకపకా నవ్వాడు. "ఏమప్పా స్వామీ, చేతులు మెత్తబడినాయా?"

"వయసైపాయె గదప్పా," అన్నాడు మామ. ఆయనకు నలభై నిండలేదు.

తర్వాత నన్ను చాటుకు పిలిచాడు. "అల్లుడా, ఈ గరిటె కాడ కాలతాందేమో చూడరా."

ముట్టుకున్నాను. "అబ్బా!" అని చేయి విదిలించాను.

మామ నా వేలినే చూస్తున్నాడు, పంక్తిలో చోటు దొరకనివాడు కూర్చున్నవాడి విస్తరి చూసినట్టు.

"శానా మండతాందా?"

"శానా."

"మంచిది," అన్నాడు, చెంబెత్తి నా వేలి మీద నీళ్లు పోస్తూ. తర్వాత గరిటె కాడకు గుడ్డ చుట్టాడు.