గోధుమ చేలో ఎడమ చుట్ట

ముందు నా అరచెయ్యి చూడండి. ఈ అడ్డగీత కనిపిస్తోందా? తాడు ఒరుసుకుపోయిన మచ్చ. కట్టుకథ చెప్పేదాన్నయితే దీన్ని ఎక్కణ్ణుంచి తెస్తాను? నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం. జరిగింది జరిగినట్టే చెప్తాను.

ఓడరేవు పనులకి వలస వచ్చిన మావాళ్ళ వాట్‌గంజ్ తెలుగు చర్చిలో ఒక పట్టింపు ఉంది. కోత పండుగనాడు ప్రభు భోజనానికి రొట్టె కొన్న పిండితో చెయ్యరు. సొంతంగా పండించిన గోధుమలే కావాలి. అందుకని మెటియాబ్రుజ్ దాటాక, నది పక్కన, చర్చికి చిన్న చేను ఉంది. దానికి కాపలా మా దానియేలు మామయ్య. డాకులో ముప్పై ఏళ్ళు ఓడల మీద తాళ్ళు లాగిన మనిషి. అత్త పోయాక ఆయనకు మిగిలింది ఆ చేనొక్కటే.

పండుగ ఇంకా వారం ఉందనగా ఒకరోజు తెల్లారేసరికి చేను నడుమ గోధుమ అంతా గుండ్రంగా పడుకుని ఉంది. విరగలేదు. దువ్విన జుట్టులా ఒకే వైపు ఒరిగింది. ఆకాశం నుంచి ఏదో దిగిందంటూ చుట్టుపక్కల కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని వచ్చేశారు. మా సంఘపెద్దలు మాత్రం మామయ్య వంక చూశారు. చేను వదిలేద్దాం, వచ్చే ఏడు నుంచి పిండి కొనేద్దాం అని వాళ్ళు అన్నప్పుడు ఆయన పెద్ద గొడవ పెట్టుకున్నాడు మరి. చేను వదలొద్దని దేవుడి హెచ్చరికలా చూపించి భయపెట్టడానికి ఈ ముసలాడే చేశాడని వాళ్ళ నమ్మకం. పండుగ ఆదివారంలోగా తేలకపోతే కాపలా మాన్పించేస్తామన్నారు.

దాచడం ఎందుకు... నాకూ ఆయన మీదే అనుమానం.

సెక్టార్ ఫైవ్‌లో ఆఫీసు అవగానే నేరుగా చేనికి వెళ్ళాను. చేరేసరికి చీకటి పడిపోయింది. మామయ్య తన పాత డాకు తాడు పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"మామయ్యా, నీ తాడు ఇలా ఇవ్వు. నువ్వు ఒక కొస పట్టుకుని నడుమ నిలబడు. నేను రెండో కొస పట్టుకుని అంచు చుట్టూ తిరుగుతాను. ఎక్కడా వదులు రాకపోతే ఇది తాడు పెట్టి తిప్పిందే."

"అంటే నా మీదేనేటే అనుమానం?"

"తేలాలి కదా."

ఆయన లేచాడు. కొస తీసుకుని చేలోకి దిగాడు. నేను అంచు దాకా వెళ్ళి తాడు బిగించి చేతికి చుట్టుకున్నాను.

నడిచాను... ఫోను వెలుగు అంచు మీదే పెట్టుకుని. ఒక పక్క నిలబడ్డ కంకులు... చీర కుచ్చిళ్ళకి తగిలి... సర్... సర్... నది మీద ఏదో పడవ ఇంజను. అది కూడా ఆగిపోయింది. నడుమకి ఒక్కసారి కూడా చూడలేదు. చూడాలనిపించలేదు. మొదలుపెట్టిన చోటికి వచ్చేశాను. తాడు ఎక్కడా జానెడు వదులు లేదు.

దొరికిపోయావు మామయ్యా, అనుకున్నాను. కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది.

తాడు ఒక్కసారి లాగాను. మామయ్య డాకు ముఠాలో ఒక లాగు అంటే ఆపు. రెండంటే వదిలెయ్. చిన్నప్పుడు ఆయనే నాకు ఆటగా నేర్పాడు. ఆ ముఠాలో ఇప్పుడు బతికున్నది ఆయనొక్కడే.

అటునుంచి జవాబు వచ్చింది. ఒకటి...

రెండు.

"నువ్వే కదా చేసింది? నాకైనా చెప్పు మామయ్యా" అన్నాను.

తాడు ఒక్క గుంజు గుంజింది. అరచెయ్యి భగ్గుమంది.

అప్పుడు... నా వెనక... గట్టు మీంచి దగ్గు.

"ఎవులితో మాటాడతన్నావే?"

తిరిగి చూశాను. బీడీ నిప్పు. దాని వెనక మామయ్య.

"నువ్వు... నడుమ లేవా?"

"కొస ఆడ పడీసి అప్పుడే ఒచ్చీసినాను. నా సేలో నన్నే దొంగలా నిలబెడతావేటి?"

వెలుగు నడుమకి తిప్పాను. ఎవరూ లేరు. తాడు కొస మాత్రం చక్కగా చుట్ట చుట్టి ఉంది. మామయ్య వచ్చి చూసి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఎడం సుట్ట... నా జన్మలో ఎడం సుట్ట సుట్టనేదే."

నిజమే. తాడుని డాకు ముఠావాళ్ళు ఎప్పుడూ కుడివైపే చుడతారు. ఎడమవైపు చుడితే మెలిపడి మనిషి కాలు లాగేస్తుందని వాళ్ళ భయం. గోధుమ కూడా ఎడమవైపే తిరిగి ఒరిగి ఉంది... అప్పుడు గమనించాను. తాడు అక్కడే వదిలేసి రోడ్డు మీదికి వచ్చి పడ్డాం. ఆటోలో కూర్చుని ఆ లాగుల సంగతి ఆయనకి చెప్పాక నాకు మళ్ళీ అనుమానం. చేలోంచి గట్టుకి ఆయన నడిచిన చప్పుడు నాకెందుకు వినపడలేదు?

పండుగ ఆదివారం సంఘపెద్దలు అడిగారు. "తాడుతో కొలిచాను. ఎక్కడా సరిపోలేదు. మామయ్య చెయ్యలేదు" అన్నాను. చర్చిలో నిలబడి, అంత పచ్చి అబద్ధం. ఆయన కాపలా నిలబడింది. నాకు మాత్రం ఆ రోజు రొట్టె గొంతు దిగలేదు.

ఆరాధన అయ్యాక మామయ్య మెట్ల మీద నా పక్కన కూర్చున్నాడు. మెల్లగా అడిగాడు.

"ఆ లాగుల సంగతి తెలిసినోలం మనిద్దరమే గదే. నా కాపలా పోకూడదని ఆ లాగులూ, ఆ ఎడం సుట్టా అన్నీ నువ్వే సేసీసినావేటి? సెప్పు. ఎవులికీ సెప్పను."

నేను తెల్లబోయాను. నాటకమా అని ఆయన ముఖంలోకి చూశాను. కళ్ళలో నీళ్ళున్నాయి.

"లేదు మామయ్యా."

ఆయన నా అరచెయ్యి తిప్పి మచ్చ చూశాడు. "నేదంటే మరి..." అని ఆగిపోయాడు.

ఆయన నన్ను నమ్మలేదు. నేనూ ఆయన్ని నమ్మలేదు. ఇప్పటికీ అంతే.